ఆయాసం తగ్గింది కదా అని కాళ్లను తొందరపెట్టొద్దు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 38, బరువు 92 కిలోలు, పదేళ్లుగా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, మూడంతస్తులు ఎక్కితే ఆయాసం. స్నేహితులతో కలిసి హాఫ్ మారథాన్‌కి (21.1 కిలోమీటర్ల పరుగు) పేరు ఇచ్చేశారు, ఇంకా ఇరవై వారాల టైం ఉంది. మొదటి వారం ఆరు రోజులు వరసగా ఐదేసి కిలోమీటర్లు పరిగెత్తారు, ఇప్పుడు మోకాళ్లూ మోకాలి కింద ముందువైపు ఎముకలూ నొప్పి. మానేయాలా, లేక పళ్ల బిగువున ఇలాగే కొనసాగించాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఇరవై వారాల్లో మీరు హాఫ్ పూర్తి చేయగలరు, నాకు అనుమానం లేదు. కానీ మొదటి వారం చేసినట్టు చేస్తే ఆరో వారానికి ఇంట్లో కూర్చుంటారు. నేను 41 ఏళ్ల వయసులో, మీకంటే ఎక్కువ బరువుతో మొదలుపెట్టాను, ఆ తర్వాత చాలామంది కొత్తవాళ్లతో కలిసి పరిగెత్తాను. ఊపిరి చాలక మానేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. అందరూ కాళ్లు దెబ్బతిని మానేసినవాళ్లే. అందుకే ముందు ఈ కాళ్ల సంగతి వివరంగా చెప్తాను, మిగతావి దాని తర్వాత.

పరుగు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకే ఊపిరి సులువవుతుంది. రక్తంలో ద్రవభాగం త్వరగా పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుడుకి ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాలు ఆక్సిజన్ వాడుకోవడం నేర్చుకుంటాయి. నెల తిరిగేసరికి "అరె, నాకు ఇంత స్టామినా ఉందా" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ప్రమాదం. ఎందుకంటే ఎముకలు, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు అంత త్వరగా మారవు. స్నాయువులకి రక్తప్రసరణ తక్కువ, అవి గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకా విచిత్రం. దాని మీద కొత్త భారం పడ్డప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాతే అక్కడ కొత్త ఎముక కడుతుంది. తవ్వడం కొన్ని వారాల్లో అయిపోతుంది, కట్టడానికి మాత్రం నెలలు కావాలి. అంటే మొదటి నెలా రెండు నెలల్లో మీ కాలి ఎముక కొన్నిచోట్ల మునుపటికంటే కాస్త బలహీనంగానే ఉంటుంది, అదే సమయంలో మీ గుండె, ఊపిరితిత్తులు "ఇంకా పరిగెత్తు" అంటుంటాయి. వాటి మాట వినకూడదు. ఈ ఇరవై వారాలూ మీ వేగాన్నీ దూరాన్నీ నిర్ణయించాల్సింది కాళ్లే.

లెక్క కూడా చూడండి. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ నేల మీద పడే బలం మన బరువుకి రెండు నుంచి మూడింతలు ఉంటుంది. మీ బరువుకి అది సుమారు 185 నుంచి 275 కిలోలు. నెమ్మదిగా పరిగెత్తితే కిలోమీటరుకి సుమారు 1,200 అడుగులు పడతాయి. ఐదు కిలోమీటర్లకి ఆరు వేలు, ఆరు రోజులకి ముప్పై ఆరు వేలు. పదేళ్లుగా కుర్చీ నుంచి కారుకీ, కారు నుంచి మంచానికీ నడిచిన కాళ్ల మీద ఒక్కసారిగా ఇంత పడితే అవి నొప్పి పెట్టక ఏం చేస్తాయి? మీలో ఏ లోపమూ లేదు, మోతాదు ఎక్కువైంది, అంతే.

ఇక ఆ నొప్పి. మోకాలి కింద ముందువైపు అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవునా సలుపుతూ, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గుతుంటే అది మామూలుగా షిన్ స్ప్లింట్స్ అనేది. కొన్నాళ్లు పరుగు ఆపి నడకకి దిగితే తగ్గుతుంది. అలా కాకుండా ఒకే ఒక్క చోట, వేలి కొనతో నొక్కితే చురుక్కుమంటూ, ఆ ఒంటికాలి మీద గెంతితే నొప్పి పుడుతూ, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. అప్పుడు ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండా ఎముకల డాక్టర్‌కి చూపించాలి. ఇంకో విషయం, ఇలాంటి చీలికలు మొదటి రెండు మూడు వారాలు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నా విషయంలో అదే జరిగింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నేను సంతోషంగా మళ్లీ పరుగుకి వెళ్లాను, మూడు వారాల తర్వాత కుంటుతూ వచ్చి ఎమ్మారై తీయించుకుంటే అందులో గీత స్పష్టంగా కనబడింది. మూడు నెలలు పోయాయి, పేరు ఇచ్చిన రేసు కూడా పోయింది. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి మాత్రం అదే చోట ఉంటే, డాక్టర్‌కి ఆ మాట గట్టిగా చెప్పండి.

మోకాలి చిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు వచ్చే నొప్పి కొత్తవాళ్లలో చాలా మామూలు. భారం తగ్గిస్తే, తొడల కండరాలు బలపడితే ఎక్కువమందికి పోతుంది. మోకాలు వాచినా, మడత పడనట్టు బిగుసుకున్నా, నడుస్తుంటే జారిపోయినట్టు అనిపించినా చూపించుకోవాలి. "పరుగు పెడితే మోకాళ్లు అరిగిపోతాయి" అని మీ ఇంట్లో భయపెడుతున్నారని రాశారు. మామూలు స్థాయిలో పరిగెత్తేవాళ్లని, అసలు పరిగెత్తనివాళ్లని పోల్చి చూసిన పరిశోధనల్లో పరిగెత్తేవాళ్ల మోకాళ్లు ఎక్కువ అరిగాయని తేలలేదు. ఆ భయం వదిలేయండి.

ఒళ్లు నొప్పులకీ దెబ్బకీ తేడా కూడా తెలియాలి. పరిగెత్తిన మర్నాడో ఎల్లుండో రెండు కాళ్లకీ సమానంగా, కండరం మధ్యలో, పట్టేసినట్టు ఉంటే అది రెండు మూడు రోజుల్లో పోయే మామూలు నొప్పి. ఒక కాలికే ఉంటే, కీలు దగ్గరో ఎముక మీదో ఉంటే, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే, మీ నడక తీరే మారిపోతుంటే ఆగిపోండి. ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగుకి మడమలో గుచ్చినట్టుంటే అది అరికాలి పొరకి భారం ఎక్కువైందనడానికి గుర్తు, దాన్ని పట్టించుకోకపోతే నెలల తరబడి వదలదు.

కాళ్లకంటే ముందు చూడాల్సింది గుండె. పదేళ్లు కదలకుండా ఉన్న మనిషి, 92 కిలోలు, కాబట్టి ఒకసారి డాక్టర్‌ని కలిసి బీపీ, షుగర్ చూపించుకుని, పరుగు మొదలుపెడుతున్నానని చెప్పండి. శ్రమ పడినప్పుడు ఛాతీలో బరువుగా అనిపించడం, నొప్పి దవడకో చేతికో పాకడం, పరుగు మధ్యలో కళ్లు తిరిగి పడిపోవడం, చేసిన పనికి పొంతన లేనంత ఆయాసం, లేదా దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్ సరే అనేదాకా పరుగు మాటే వద్దు. దీనికి మొహమాటపడకండి.

ఇప్పుడు వేగం. మీరు మొదటి వారం పరిగెత్తిన వేగం రాయలేదు గానీ "రొప్పుతూ వచ్చి పడ్డాను" అన్నారు, అది చాలు నాకు. పరిగెత్తుతూ పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు ముక్కలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే మీరు వేగంగా వెళ్తున్నట్టే. వాచీలు, గుండె వేగం లెక్కలు ఇప్పుడు మీకు అక్కర్లేదు. మాట్లాడగలిగే వేగం అంటే మీకు ప్రస్తుతం గట్టిగా నడవడం కావచ్చు, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఎదురుగా నడిచొచ్చే పెద్దాయన మిమ్మల్ని చూసి ఏమనుకుంటాడో అని వేగం పెంచడం కొత్తవాళ్లందరూ చేసే పని. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. న్యూజీలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒక కోచ్ ఉండేవాడు, వృత్తి చెప్పుల తయారీ. రగ్బీ ఆడేవాడు కాబట్టి తనకి ఫిట్‌నెస్‌కి లోటు లేదనుకున్నాడు, ఒకరోజు తనకంటే పెద్దాయనతో ఐదు మైళ్లు పరిగెత్తబోయి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడే ఇలా ఉంటే నలభై ఏడేళ్లకి ఎలా ఉంటానో అన్న బెంగతో తన మీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు. వారంలో ఎక్కువ భాగం శ్రమ తెలియని వేగంలో పరిగెత్తి పునాది వేసుకోవడం, వేగం తర్వాత నేర్చుకోవడం అనే పద్ధతి ఆ ప్రయోగాల్లోంచి వచ్చిందే. ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రీ హాల్‌బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. అదే మనిషి 1960ల మొదట్లో గుండె జబ్బు వచ్చి తేరుకున్న మధ్యవయసు వాళ్లని కూడా నెమ్మది పరుగుకి తీసుకెళ్లాడు. ఒలింపిక్ ఆటగాడికీ, గుండెపోటు నుంచి లేచినవాడికీ పునాది ఒకేలా పనిచేసింది, మీకూ నాకూ కూడా అంతే.

నడక కలపడం మోసం కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే, 1974లో కొత్తవాళ్లకి నేర్పడం మొదలుపెట్టినప్పటి నుంచి, మధ్యమధ్యలో కావాలనే నడిచే పద్ధతినే ప్రచారం చేశాడు. అలిసిపోయాక నడవడం వేరు, అలిసిపోకముందే లెక్కప్రకారం నడవడం వేరు. రెండో దాంట్లో కాళ్ల మీద దెబ్బ తగ్గుతుంది, చివరి కిలోమీటర్లకి ఓపిక మిగులుతుంది. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో నిమిషం పరుగు, 6 కిలోమీటర్ల వేగంతో నిమిషం నడక, ఇలా చివరిదాకా వెళ్తే హాఫ్ దాదాపు మూడు గంటల్లో అయిపోతుంది. మొత్తం 21.1 కిలోమీటర్లు గట్టి నడకే నడిచినా మూడున్నర గంటలు. మీ రేసు కటాఫ్ టైం, అంటే పూర్తి చేయడానికి నిర్వాహకులు పెట్టిన గడువు, ఎంతో ఈరోజే చూసుకోండి, దాన్ని బట్టి మనసు కుదుటపడుతుంది.

మీ ఇరవై వారాలు నేనైతే ఇలా వాడతాను. మొదటి రెండు వారాలు పరుగు పూర్తిగా బంద్, వారానికి నాలుగైదు రోజులు అరగంట నుంచి నలభై నిమిషాలు గట్టి నడక. నొప్పి పూర్తిగా పోయి, నడకలో ఏమీ అనిపించనప్పుడే మూడో వారం పరుగు మొదలు. ఐదు నిమిషాలు నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, ఇలా ఇరవై నిమిషాలు, చివర్లో మళ్లీ ఐదు నిమిషాల నడక. వారానికి మూడు రోజులు, రెండు పరుగుల మధ్య తప్పకుండా ఒక రోజు ఖాళీ. (కౌచ్ టు 5కె అని వినే ఉంటారు, అసలు పరిగెత్తనివాళ్లని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లడానికి 1996లో జోష్ క్లార్క్ తయారుచేసిన తొమ్మిది వారాల ప్లాన్, దాని మొదటి వారం కూడా ఇదే.) వారం వారం పరుగు నిమిషాలు కొద్దిగా పెంచుతూ, నడక తగ్గిస్తూ పోండి. ఏ వారమైనా కష్టం అనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయండి. ఎనిమిదో వారానికి ఐదు కిలోమీటర్లు పరుగూ నడకా కలిపి హాయిగా వెళ్లగలిగితే మీరు దారిలో ఉన్నట్టే.

తొమ్మిదో వారం నుంచి మూడు రోజుల్లో ఒకటి లాంగ్ రన్, అంటే ఆ వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్లే రోజు. ఏడు కిలోమీటర్లతో మొదలుపెట్టి ఎనిమిది, తొమ్మిది, పన్నెండో వారం వెనక్కి తగ్గి ఏడు. తర్వాత పదిన్నర, పన్నెండు, పదమూడున్నర, పదహారో వారం మళ్లీ తగ్గించి పది. పదిహేడులో పదిహేను, పద్దెనిమిదిలో పదిహేడు, పంతొమ్మిదిలో పది, ఇరవైలో రేసు. మిగతా రెండు రోజులు అరగంట నుంచి ముప్పావుగంట, అంతే. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించడం అనవసరం అనిపిస్తుంది, ఒంట్లో బాగా ఓపిక ఉన్నప్పుడు మరీ అనిపిస్తుంది, కానీ ఎముక కట్టుకోవడానికి ఆ వెసులుబాటు కావాలి, దయచేసి దాటేయకండి. ప్రాక్టీస్‌లో 21 పరిగెత్తకుండా రేసులో ఎలా అని అడగొద్దు, పదిహేడు హాయిగా వెళ్లిన కాళ్లు ఆ రోజు మిగతా నాలుగూ వెళ్తాయి.

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచొద్దు అనే సూత్రం మీకు ఎక్కడో ఒకచోట తగులుతుంది. నెదర్లాండ్స్‌లో ఐదువందల మందికి పైగా కొత్తవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈ పది శాతం లెక్కతో, రెండో గుంపుకి కాస్త వేగంగా పెంచే ప్లాన్‌తో శిక్షణ ఇచ్చి చూశారు, ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. రెండు గుంపుల్లోనూ ఐదుగురిలో ఒకరికి గాయమైంది. కాబట్టి ఆ అంకెకి మహిమ ఏమీ లేదు. పది శాతమే పెంచాను కదా అని నొప్పి మీద పరిగెత్తకండి. ప్లాన్ కాగితం మీద ఏమున్నా, ఉదయం లేచాక కాళ్లు చెప్పేదే ఆ రోజు ప్లాన్.

వారానికి రెండుసార్లు పావుగంట బలం కోసం కేటాయించండి, దీన్ని ఎవరూ చేయరు, అందుకే ఇన్ని గాయాలు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, మెట్టు మీద నిలబడి మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం, మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో. ఒంటికాలి మీద వరసగా ఇరవైసార్లు లేవగలిగిన రోజు మీ పిక్కలు పరుగుకి సిద్ధమైనట్టు లెక్క. పరుగుకి ముందు నిలబడి సాగదీసే వ్యాయామాలకంటే ఐదు నిమిషాల నడకే మంచి వార్మప్.

షూస్ గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నారు. ఖరీదుని బట్టి కాదు, వేసుకుని పది అడుగులు పరిగెత్తి చూసినప్పుడు ఏది హాయిగా ఉంటే అది తీసుకోండి. కాలి పెద్ద వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడు వెళ్లి కొనండి. 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి.

బరువు తగ్గడం కోసమే మొదలుపెట్టానన్నారు కదా, ఇది కొంచెం నిరాశగా అనిపించినా చెప్పాలి. పరుగులో కిలోమీటరుకి, ఒంటి బరువు కిలో ఒక్కింటికి ఉజ్జాయింపుగా ఒక కేలరీ ఖర్చవుతుంది. మీరు వారానికి ఇరవై కిలోమీటర్లు పరిగెత్తితే 1,840 కేలరీలు. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700. అంటే తిండి ఏమాత్రం పెరగకపోతే నెలకి ఒక కిలో, కానీ ఆకలి పెరుగుతుంది. అలాగని రేసుకి ముందు కడుపు మాడ్చుకోవద్దు. సరిగ్గా తినకుండా దూరం పెంచేవాళ్లకే ఎముకల గాయాలు ఎక్కువ, నిద్ర చెడుతుంది, నీరసం. మామూలుగా తినండి, ఏడెనిమిది గంటలు పడుకోండి, బరువు సంగతి రేసు అయ్యాక తీరిగ్గా చూసుకుందాం.

రేసు రోజు ఏదీ కొత్తగా చేయకండి. పాత షూస్, ఉతికిన పాత సాక్సులు, ప్రాక్టీస్‌లో పరుగుకి ముందు తిన్నదే తినండి. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వ్యాజలైన్ రాసుకోండి. గోళ్లు రెండు రోజుల ముందే తీసుకోండి. గంటన్నర దాటే పరుగు కాబట్టి మధ్యలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి వెళ్లాలి, జెల్ (చిన్న పొట్లాల్లో వచ్చే తియ్యటి చిక్కటి పిండిపదార్థం) వాడేటట్టయితే లాంగ్ రన్‌లలోనే అలవాటు చేసుకోండి, కడుపు ఒప్పుకుంటుందో లేదో అక్కడే తెలియాలి. నీళ్లు దాహం వేసినప్పుడు తాగండి. నెమ్మదిగా వెళ్లేవాళ్లు భయంతో ప్రతి నీళ్ల స్టాల్ దగ్గరా కడుపు నిండా తాగేస్తుంటారు, దానివల్ల రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు, మారథాన్లలో అలా చనిపోయినవాళ్లు ఉన్నారు. పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు, ఐబుప్రొఫెన్ లాంటివి చెమటోడ్చే శరీరంలో కిడ్నీలకి చేటు. ఎండ ఎక్కువగా ఉంటే వేగం గురించి మర్చిపోండి, వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది.

మొదటి మూడు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటేస్తారు, మీ స్నేహితులు కూడా. వెళ్లనివ్వండి. నడక మొదటి నిమిషం నుంచే మొదలుపెట్టండి, పదిహేనో కిలోమీటరు తర్వాత వాళ్లలో కొంతమంది మీకు మళ్లీ కనిపిస్తారు.

ఈ హాఫ్ అయిన వెంటనే ఫుల్ మారథాన్‌కి పేరు ఇవ్వొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. 42.195 కిలోమీటర్లు అంటే రెండు హాఫ్‌లు కాదు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం చాలామందికి ముప్పై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది, ఆ తర్వాతిది వేరే పరుగు. కనీసం ఒక ఏడాది గాయం లేకుండా వారానికి మూడు నాలుగు రోజులు పరిగెత్తి, రెండు మూడు హాఫ్‌లు అయ్యాక అడగండి, అప్పుడు నేనే ప్లాన్ రాసిస్తాను.

ప్రస్తుతానికి ఈ సాయంత్రం ఒక పని చేయండి. మంచం మీద కూర్చుని మోకాలి కింద ఎముక వెంట వేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వెళ్లండి, రెండు కాళ్లకీ. నొప్పి పొడవునా ఉందా, ఒకే చోట ఉందా, రాత్రి నిద్రలో తెలుస్తోందా రాయండి. పొడవునా ఉంటే రేపటి నుంచి నడక. ఒకే చోట ఉంటే నడక కూడా ఆపి, ముందు డాక్టర్ దగ్గరికి.